ఆంధ్రరత్న గోపాలకృష్ణయ్య – చీరాల పన్ను వివాదం

దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి పేరు వినగానే పండితలోకానికి స్ఫురించేవి ఆయన చాటువులు, వాగ్ధాటి, రామదండు వేషభూషలు. ఈ చమత్కారాల మాటున ఆయన అర్థశాస్త్ర పరిజ్ఞానం మరుగునపడింది. ఒక చిన్న పట్టణపు పాలకసంస్థ ఎవరి సమ్మతితో, ఏ ప్రయోజనం కొరకు, ఎంత పన్ను గ్రహింపవచ్చునన్న ప్రశ్నను ఆంధ్రదేశంలో ఆచరణరూపంలో నిలిపినవారు ఆయన.

1889 జూన్ 2న నాటి కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలులో జన్మించిన గోపాలకృష్ణయ్య బాల్యంలోనే తల్లిదండ్రులను కోల్పోయారు. 1911లో స్కాట్లండుకు వెళ్ళి, ఎడింబరో విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం అభ్యసించి ఎం.ఏ. పట్టం పొందారు. ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుని అభినయదర్పణాన్ని ఆంగ్లీకరించగా 1917లో హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయం దానిని ప్రకటించింది. స్వదేశానికి తిరిగివచ్చి రాజమహేంద్రవరంలోను, బందరు జాతీయ కళాశాలలోను కొలదికాలం బోధించారు, రెండుచోట్లా నిలువలేదు. పిదప చీరాల చేరి ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠిని నెలకొల్పారు.

చీరాల, పేరాల అప్పుడు గుంటూరు జిల్లాలోని జంటగ్రామాలు. జనసంఖ్య సుమారు 15,000. వారిలో చేనేతవారు, చిన్న రైతులు, చిల్లర వ్యాపారులు అధికులు. యూనియన్‌గా ఉన్నకాలంలో ఏటా వసూలైన పన్ను దాదాపు 4,000 రూపాయలు. 1919లో ప్రభుత్వం ఆ గ్రామాలను పురపాలక సంఘంగా మార్చింది. దానితో పన్నుభారం ఇంచుమించు 40,000 రూపాయలకు పెరిగింది. పారిశుద్ధ్యానికి, వీధులకు, దీపాలకు ధనం కావలెనన్న ప్రభుత్వవాదం నిరాధారమని తోసివేయదగినది కాదు. కాని ఇసుకనేలలో కొద్దిలోతునే మంచినీరు లభించే ఆ ఊరివారు పెద్ద పట్టణపు వసతులను కోరలేదు. కోరని సేవకు పదింతలు చెల్లింపుమనడం, అదియు మగ్గంపై బ్రతికే కుటుంబాన్ని, ఎక్కడా న్యాయమనిపించుకొనదు. ఆదాయవృద్ధి లేనిచోట పన్నువృద్ధి మూలధనాన్నే హరిస్తుందన్నది ఎడింబరోలో చదివిన వ్యక్తికి వేరుగా చెప్పవలసినది కాదు. మనుస్మృతి సప్తమాధ్యాయంలో రాజు కరగ్రహణానికి జలగను, దూడను, తుమ్మెదను ఉపమానాలుగా చూపింది కూడ కొద్దికొద్దిగా గ్రహించడాన్ని ఉద్దేశించియే.

మహజరులు నిష్ఫలమైనాయి. పన్ను నిరాకరించినవారు చెరసాల పాలైనారు. అప్పటి స్థానిక స్వపరిపాలన మంత్రి పానగల్లు రాజా రామరాయణింగారు. ఆయనయూ సంస్కృతాంధ్రాలలో విద్వాంసుడే, జమీందారుగా రాబడి వ్యవహారం ఎరిగినవాడే. అయినను సంప్రతింపులు కుదరలేదు. విజయవాడ కాంగ్రెసు సమావేశానంతరం 1921 ఏప్రిల్ 6న గాంధీజీ చీరాల వచ్చి, అహింసతో పన్ను నిరాకరించడం, ఊరు విడిచిపోవడం అనే రెండు మార్గాలను సూచించారు. కాంగ్రెసు అండ నుండునని మాత్రం హామీ ఇవ్వలేదు.

గోపాలకృష్ణయ్య రెండవ మార్గాన్ని ఎన్నుకొన్నారు. పురపాలక సంఘపు ఎల్ల దాటితే పన్ను లేదు. చట్టాన్ని ఉల్లంఘించిన దోషమూ లేదు. దుర్భరమైన పన్నుకు ప్రజలు దేశత్యాగంతో బదులిచ్చిన సంప్రదాయం మనకు పూర్వంనుండి ఉన్నదే. ఆ ఏప్రిల్ మాసాంతానికి ప్రజలలో అత్యధికులు ఇండ్లకు తాళాలు వేసి, ఎల్ల వెలుపల రామనగరమనే పేర పాకలు వేసికొన్నారు. రామదండు అక్కడ శాంతిభద్రతలను కాపాడింది. ఎండకు, వానకు, చలికి ఓర్చి పదునొకండు మాసాలు గడిపారు.

ఈ మార్గంలోని బలహీనత ధనమే. పన్ను చెల్లింపలేని జనానికి పాకల నివాసం ఇంకను వ్యయకరమైంది. నిధికోసం బరంపురం వెళ్ళిన గోపాలకృష్ణయ్య అక్కడ ఉపన్యాస నిషేధాన్ని ధిక్కరించి ఒక సంవత్సరం శిక్ష పొంది తిరుచినాపల్లి చెరలో ఉన్నారు. నాయకుడు లేని రామనగరం 1922లో క్రమంగా ఖాళీ అయినది. ఇండ్లకు మరలినవారికి పన్ను చెల్లింపక తప్పలేదు. 1928 జూన్ 10న మరణించేనాటికి గోపాలకృష్ణయ్య వయస్సు 39 సంవత్సరాలు.