అనువాదం కింద రాసిన నోట్సు

కంప్యూటర్ సైన్సు చదివే నా రూమ్‌మేటు, తెలుగు మెయిన్ తీసుకుని ఏం చేస్తావని నన్ను ఎప్పుడూ ఏడిపిస్తుంది. పోయినవారం తనే పరీక్షకు చదువుతూ మొదటి ప్రోగ్రామర్ అడా లవ్‌లేస్ అని చెప్పింది. ఎవరా అని నేనూ చదివాను. ఆమె ప్రోగ్రాం ఉన్నది ఒక అనువాదానికి రాసిన వ్యాఖ్యానంలో! ఇది మన డిపార్ట్‌మెంటు పనే కదా. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అడా 1815 డిసెంబరు 10న లండన్‌లో పుట్టింది. తండ్రి ఇంగ్లీషు కవి లార్డ్ బైరన్. బిడ్డకు నెల నిండేసరికే తల్లిదండ్రులు విడిపోయారు. ఆయన దేశం విడిచి వెళ్లి, ఆమెకు ఎనిమిదేళ్లప్పుడు గ్రీసులో చనిపోయాడు. తండ్రి పోలిక ఎక్కడ వస్తుందోనని తల్లి చిన్నప్పటి నుంచే లెక్కలు చెప్పించింది. మధ్యలో తట్టు వచ్చి కాళ్లు పడిపోయినా, కర్రల సాయంతో నడుస్తూనే చదువుకుంది.

1833లో, 17 ఏళ్లప్పుడు, చార్లెస్ బాబేజ్‌తో పరిచయమైంది. ఆయన తర్వాత అనలిటికల్ ఇంజన్ అనే పెద్ద యంత్రాన్ని ఊహించాడు. ఏ లెక్క చెయ్యాలో దానికి చెప్పేవి తూట్లు పొడిచిన అట్టలు. ఆ ఆలోచన జకార్డు మగ్గానిది. కంచిలో మా వీధిలో, పట్టుచీరల అంచుల్లో పూలూ నెమళ్లూ దించే మగ్గాల మీద వేలాడేవి ఆ అట్టలే. రోజూ చూసేదాన్నే, వాటికీ కంప్యూటరుకూ చుట్టరికం ఉందని మాత్రం తెలీదు.

ఈ యంత్రం గురించి 1842లో మెనాబ్రియా అనే ఇటలీ ఇంజనీరు ఫ్రెంచిలో వ్యాసం రాశాడు. అడా దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చింది. అప్పటికి ముగ్గురు పిల్లల తల్లి. సొంతంగా నోట్సు కూడా చేర్చమని బాబేజ్ అన్నాడు. ఏడు నోట్సు చేర్చింది. అవి మూలానికి దాదాపు మూడింతలయ్యాయి! చివరిదాంట్లో బెర్నూలీ సంఖ్యలను యంత్రం ఎలా లెక్కకట్టాలో అడుగడుగునా పట్టిక వేసి చూపింది. ఆ లెక్కలో తను చేసిన పెద్ద తప్పును ఆమే పట్టుకుందని బాబేజ్ తర్వాత రాసుకున్నాడు. ప్రోగ్రాంలో ఆయన వాటా ఎంతని పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. నోట్సు రాసింది మాత్రం ఆమే.

స్వరాల మధ్య సంబంధాలను గుర్తుల్లో పెట్టగలిగితే ఈ యంత్రం సంగీతం కూడా కూర్చగలదని ఆమె ఊహించింది. అయితే అది మనం చెప్పింది చేస్తుందే గాని, తనంతట తాను ఏదీ పుట్టించదని కూడా చెప్పింది. యంత్రాలు ఆలోచించగలవా అని 1950లో వ్యాసం రాసిన ఆలన్ ట్యూరింగ్, ఆమె పేరు చెప్పి మరీ ఈ మాటకు జవాబివ్వాల్సి వచ్చింది.

1843లో అచ్చైన ఆ నోట్సు కింద ఆమె పూర్తి పేరు లేదు. ఏ.ఏ.ఎల్. అని మూడు పొడి అక్షరాలే. యంత్రం పూర్తికానేలేదు. ఆమె గుర్రప్పందాల్లో అప్పులపాలైంది. క్యాన్సర్‌తో 1852 నవంబరు 27న, 36 ఏళ్లకే పోయింది. బైరన్ పోయిందీ 36 ఏళ్లకే. ఊహ తెలిశాక ఎన్నడూ చూడని ఆ తండ్రి పక్కనే, ఆమె కోరిక ప్రకారం, సమాధి చేశారు.

అమెరికా రక్షణ శాఖ ఒక కంప్యూటర్ భాషకు అడా అని పేరు పెట్టింది. దాని ప్రమాణానికి అప్పట్లో ఇచ్చిన నంబరు 1815, ఆమె పుట్టిన సంవత్సరం.

ఇదంతా రూమ్‌మేటుకు చెప్పాను. నవ్వి, తన రికార్డు పుస్తకం మూసి, మా అనువాదం పేపర్లో ఏముంటుందని మొదటిసారి అడిగింది.