పసులకాపరిని పలకరించిన కవి – సుద్దాల హనుమంతు

ఈసారి గోడపత్రికకి ఒక మహనీయుని జీవితం రాయమని వార్డెన్ మాస్టారు చెప్పారు. గాంధీ గారిదీ, అల్లూరి వారిదీ ముందే రాసేశారు. అందుకని నేను సుద్దాల హనుమంతు గారి గురించి రాస్తున్నాను. ఆయన పేరు నాకెలా తెలిసిందో ముందు చెప్తాను.

సంక్రాంతి సెలవులకి విశాఖపట్నంలో గాజువాక వెళ్ళాను. మా అన్నయ్య అక్కడ కూలిపని చేస్తున్నాడు. ఒక సాయంత్రం కూర్మన్నపాలెం జంక్షన్ దగ్గర ఉక్కు కార్మికుల సభ జరుగుతోంది. ఒకాయన డప్పు కొట్టుకుంటూ పశువులు కాసే పిల్లాడి మీద పాట పాడాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పక్కకి చూస్తే అన్నయ్య తల దించుకుని కళ్ళు తుడుచుకుంటున్నాడు.

మా నాన్న చేసిన అప్పు తీరక, అన్నయ్యని పదకొండో ఏట మైదానం వైపు ఒక ఊళ్ళో కంబారిగా పెట్టారు. నాలుగేళ్ళు గొడ్లు కాశాడు. నన్ను మూడో తరగతిలో హాస్టల్లో చేర్చింది కూడా ఆ ఏడే. ఆ నాలుగేళ్ళ గురించి అన్నయ్య ఎప్పుడూ నాతో మాట్లాడలేదు. నేనూ అడగలేదు.

సెలవులయ్యాక ఆ పాట ఎవరిదని తెలుగు మాస్టారిని అడిగాను. ఆయన చెప్పిందీ, లైబ్రరీలో చదివిందీ కలిపి రాస్తున్నాను.

హనుమంతు గారు 1910 ప్రాంతంలో నల్గొండ జిల్లా పాలడుగులో నేతపని వారి ఇంట్లో పుట్టారు. తర్వాత సుద్దాల అనే ఊళ్ళో స్థిరపడ్డారు. ఆ ఊరి పేరే ఇంటిపేరులా నిలిచిపోయింది. కొంతకాలం హైదరాబాదులో చిన్న ఉద్యోగం చేసి, అది వదిలేసి ఊరికి వచ్చేశారు.

అప్పుడు తెలంగాణ నిజాం పాలనలో ఉండేది. ఊళ్ళలో దొరల పెత్తనం. కుమ్మరి కుండలియ్యాలి, మాదిగ చెప్పులు కుట్టియ్యాలి, చాకలి బట్టలుతకాలి. ఏ పనికీ డబ్బులుండవు. దీన్నే వెట్టిచాకిరి అంటారు. అప్పు పడినవాడు తానే కాదు, తన కొడుకుని కూడా దొర ఇంట్లో జీతగాడిగా పెట్టాలి. తండ్రి పోతే ఆ అప్పు కొడుకు నెత్తిన పడేది.

1944లో భువనగిరిలో ఆంధ్ర మహాసభ జరిగాక ఊరూరా సంఘాలు బలపడ్డాయి. హనుమంతు గారు సంఘంలో చేరి పాటలు కట్టారు. చదువు రాని జనానికి పుస్తకం ఇస్తే ఏం లాభం? అందుకని వాళ్ళకి తెలిసిన గొల్లసుద్దులు, బుర్రకథ, యక్షగానం పట్టుకున్నారు. ఆ పాత బాణీల్లోనే వెట్టి వద్దని చెప్పారు. 1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి దెబ్బకి చనిపోయాక పోరాటం పెద్దదై 1951 దాకా సాగింది. ఆ రోజుల్లో ఆయన పాటలు ఊరి నుంచి ఊరికి నోటి మీదే నడిచాయి.

వాటిలో పసులకాపరి పాట అన్నిటికన్నా పేరు పొందింది. 1980లో విడుదలైన మా భూమి సినిమాలో కూడా ఉంది. అందులో కవి ఆ పిల్లాడిని పలకరిస్తాడు. తల్లిపాలు మాని ఎన్నాళ్ళయిందని, చినిగిన చొక్కా గురించి, కాలిలో ముళ్ళ గురించి, జీతంగా కొలిచిన తాలు గింజల గురించి అడుగుతాడు. నాకు తోచింది ఏమిటంటే, జీతగాడికి అందరూ పనులు చెప్తారు గాని, ఎలా ఉన్నావురా అని ఎవరూ అడగరు. హనుమంతు గారు అడిగారు. అన్నయ్యకి కళ్ళనీళ్ళు వచ్చింది అందుకే అనుకుంటాను.

ఇలాంటి పాటలు వేరే దేశాల్లోనూ ఉన్నాయట. అమెరికాలో నల్లవారిని బానిసలుగా కొని పత్తి చేలల్లో పని చేయించారు. వాళ్ళు బాధనీ, విడుదల మీద ఆశనీ దేవుడి పాటల్లో పెట్టి పాడుకున్నారు. 1865లో అక్కడ బానిసత్వం రద్దయింది. 1871లో ఫిస్క్ అనే నల్లవారి విద్యాసంస్థ విద్యార్థులు ఆ పాటలే ఊరూరా పాడి, తమ చదువుల కోసం డబ్బు పోగు చేశారు. వాళ్ళూ మనలాంటి విద్యార్థులే కదా!

మన ఏజెన్సీలో కూడా తక్కువేం కాదు. నర్సీపట్నం, చింతపల్లి దారిలో మన తాతలచేత బలవంతంగా రోడ్డు పని చేయించారు. 1922లో అల్లూరి వారి పితూరీకి అదొక కారణం. దేశమంతటా వెట్టిని రద్దు చేస్తూ 1976లో చట్టం వచ్చింది. జీత, పాలేరు, వెట్టి అనే మాటలు ఆ చట్టంలోనే రాసి ఉన్నాయి. చట్టం వచ్చిన ఇన్నేళ్ళకి కూడా అన్నయ్య కంబారితనం చేశాడు.

హనుమంతు గారు 1982 అక్టోబరు 10న క్యాన్సర్‌తో చనిపోయారు. సినిమా పాటల రచయిత సుద్దాల అశోక్‌తేజ ఆయన కుమారుడే.

మిత్రులారా, మన తరగతిలో ఇద్దరు దసరా సెలవులకి వెళ్ళి మళ్ళీ రాలేదు. హాజరుపట్టీలో వాళ్ళ పేర్లకి ఎదురుగా రోజూ గైర్హాజరు పడుతోంది. వాళ్ళు ఎక్కడున్నారో మనం ఎవరం అడగలేదు. వాళ్ళ ఊరి వాళ్ళు వచ్చినప్పుడు అడుగుదాం. తెలిసింది వార్డెన్ మాస్టారికి చెబుదాం. మాస్టారూ, మీరు కూడా ఒకసారి కనుక్కోవాలని కోరుతున్నాను.

నేను వేసవి సెలవులకి గాజువాక వెళ్తాను. ఆ నాలుగేళ్ళు ఎలా గడిచాయని ఈసారి అన్నయ్యని అడుగుతాను.