ఉప్పెనను ముందే చెప్పిన నావికుడు

బంగాళాఖాతంలో తుపాను పుట్టిన ప్రతిసారీ వినిపించే ‘సైక్లోన్’ అనే మాట కలకత్తాలో పుట్టింది. దాన్ని పుట్టించినవారు హెన్రీ పిడింగ్టన్ అనే మాజీ ఓడ కెప్టెన్.

1797లో ఇంగ్లండ్‌లో పుట్టిన పిడింగ్టన్ వాణిజ్య నౌకలు నడిపి, తర్వాత కలకత్తాలో స్థిరపడ్డారు. నౌకా ప్రమాదాలపై విచారణ జరిపే మెరైన్ కోర్టుకు అధ్యక్షుడిగానూ పనిచేశారు. తుపానుల గమనంపై విలియం రీడ్ 1838లో తెచ్చిన పుస్తకం ఆయన దృష్టిని అటు మళ్లించింది.

ఆ రోజుల్లో ఉపగ్రహాలు లేవు, సముద్రంలో బోయలు లేవు. నడిసముద్రాన్ని చూసింది ఓడలే. తుపానులో చిక్కి బయటపడిన ఓడల లాగ్‌బుక్‌లను పిడింగ్టన్ సేకరించారు. ఏ గంటకు గాలి ఎటు వీచింది, బారోమీటర్ ఎంత పడిపోయింది అన్న వివరాలను పటంపై గుర్తించారు. 1839 నవంబరులో మన కోరంగిని ముంచెత్తిన తుపానునూ అలాగే అధ్యయనం చేశారు. 1845లో మారిషస్ దగ్గర చార్లెస్ హెడిల్ అనే ఓడ రోజుల తరబడి తుపాను కేంద్రం చుట్టూనే తిరిగింది. దాని లాగ్‌బుక్ గాలి సుడి తిరుగుతుందనడానికి గట్టి రుజువైంది. పాము చుట్టను గుర్తుచేసే గ్రీకు పదం నుంచి ‘సైక్లోన్’ అలా వచ్చింది.

1848లో వెలువడిన ఆయన నావికుల చేతిపుస్తకంతో పాటు కొమ్ముతో చేసిన పారదర్శక పలకలు ఉండేవి. వాటిపై వలయాలు, గాలి దిశను చూపే బాణాలు గీసి ఉండేవి. పలకను పటంపై ఉంచి, ఓడ దగ్గరి గాలి దిశతో సరిచూస్తే తుపాను కేంద్రం ఎటు ఉందో అంచనాకు వచ్చేది. ఏ వైపు తప్పుకోవాలో కెప్టెన్ నిర్ణయించుకునేవాడు.

ఓడల మీద పనికొచ్చిన ఈ జ్ఞానం ఒడ్డున చెల్లలేదు. హుగ్లీ పూడిపోతుందన్న భయంతో మాత్లా నది ఒడ్డున కొత్త రేవు కట్టాలని ప్రభుత్వం తలపెట్టింది. పిడింగ్టన్ 1853లో గవర్నర్ జనరల్ డల్హౌసీకి బహిరంగ లేఖ రాశారు. తుపానుతో వచ్చే ఉప్పెన 5 నుంచి 15 అడుగుల నీటితో ఊరిని ముంచవచ్చని హెచ్చరించారు. ఎవరూ పట్టించుకోలేదు. 1858లో ఆయన కలకత్తాలోనే కన్నుమూశారు. పోర్ట్ కానింగ్ వెలిసింది, రైలు మార్గమూ వచ్చింది. 1867 నవంబరు 1న తుపాను విరుచుకుపడింది. ఉప్పెన రేవును ధ్వంసం చేసింది. 1872లో దాన్ని వదిలేశారు.

పిడింగ్టన్‌కు లేనిది సమాచార వేగం. తుపాను దాటిపోయాకే లాగ్‌బుక్‌లు ఆయన చేతికందేవి. నేడు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ బోయలు, తీర రాడార్లు, ఉపగ్రహాల సమాచారంతో అలల ఎత్తును, ఉప్పెనను ముందే అంచనా వేస్తోంది. సమాచారం వేగం పెరిగింది. కానీ తీరంలో ఎక్కడ కట్టాలో, ఎక్కడ కట్టకూడదో తేల్చే చోట ఆ అంచనాలకు ఎంత విలువ ఇస్తున్నామన్నది 1853 నాటి ప్రశ్నే.