పోతన యింటి తాళపత్రములు

బమ్మెర పోతనామాత్యుడు 15వ శతాబ్దివాడు; కేసన, లక్కమాంబల తనయుడు. గ్రహణస్నానవేళ శ్రీరామదర్శనము నంది, ఏకశిలానగరమైన ఓరుగంటికి వచ్చి భాగవతాంధ్రీకరణమునకు పూనుకొనెను.

ఇంట నుంచిన తాళపత్రములలో కొన్ని స్కంధములు పిదప శిథిలమైపోయెనని పెద్దలు చెప్పుదురు. రాజు పాతిపెట్టించెనను కథయు కలదు. తాటాకునకు చెదపురుగు చాలును గదా! ఆ యింటికి అంతకు మించిన యాపద యేమి? ఎండిన పొలము మరుసటేడు పండును. పోయిన పద్యము మరల రాదు.

అయినను ఆ ఖాళీలే ముగ్గురు కవులకు తావిచ్చెను. పంచమస్కంధమును బొప్పరాజు గంగన, షష్ఠమును ఏర్చూరి సింగన, ఏకాదశ ద్వాదశములను వెలిగందల నారయ పూరించిరి. గ్రంథము చెక్కుచెదరక యుండినచో నారయ పేరు మనకు దక్కెడిది కాదేమో. స్కంధాంతగద్యమున అతడు తన్ను పోతనామాత్యుని ప్రియశిష్యునిగా చెప్పుకొనెను.