కొలిమి ముందు హకీం అల్ రాజీ

అబూబక్ర్ ముహమ్మద్ ఇబ్న్ జకరియా అల్ రాజీ సుమారు క్రీ.శ. 865లో ఇరాన్‌లోని రయ్ పట్టణంలో జన్మించారు. రయ్‌లోను, బాగ్దాదులోను ఆసుపత్రులకు పెద్దగా పనిచేసిన హకీంగానే ఆయన ప్రసిద్ధులు. కొలిమి ముందు ఆయన చేసిన కృషి అంతగా ప్రచారంలోకి రాలేదు.

నాటి రసవాదులు తమ విద్యను గూఢభాషలో దాచేవారు. హీనలోహాన్ని బంగారంగా మార్చవచ్చని రాజీ కూడా నమ్మారు, అది పొరపాటే. కానీ 'కితాబుల్ అస్రార్' గ్రంథంలో ఏ పదార్థం, ఏ పాత్ర, ఏ పద్ధతి అన్నది దాపరికం లేకుండా రాశారు. నిప్పు మీద కరిగి ద్రవమయ్యే బంగారం, వెండి, సీసం వంటివి ఆయన లెక్కలో 'దేహాలు'. వేడికి ఆవిరై ఎగిరిపోయే పాదరసం, గంధకం, హరిదళం, నవాసారం 'ఆత్మలు'. వీటిలో నవాసారం కరగకుండానే పొగగా మారుతుంది. ఆ పొగ చల్లని మూతకు తగిలి మళ్లీ తెల్లగా గట్టిపడుతుంది. అరబ్బీలో ఈ ప్రక్రియ పేరు తస్ఈద్. రాగి గిన్నెలకు కళాయి వేసేటప్పుడు గుప్పున లేచే తెల్లని పొగ ఈ నవాసారానిదే.

వైద్యంపై ఒక పెద్ద గ్రంథం కోసం 15 ఏళ్లు రేయింబవళ్లు శ్రమించడంతో ఆయన చూపు మందగించింది, చేతి కండరం పట్టు తప్పింది. అయినా ఇతరులచేత చదివించుకుంటూ, రాయిస్తూ పని సాగించారు. 925లో రయ్‌లోనే కన్నుమూశారు.