కీ. శే. డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితము

లోకోపకారులగు మహనీయుల చరిత్రములను మహాసభాసంచికయందు ప్రకటించుట మన సంఘమునకు ఆచారము. ఈ పర్యాయము మేము డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితమును ఎన్నుకొంటిమి. వారు మన నియోగి కుటుంబమున జన్మించినవారు, వైద్యశాస్త్రజ్ఞులలో అగ్రగణ్యులు. అయినను ఆ రెండు కారణములచేతనే వారిని ఎన్నుకొనలేదు. మూడవ కారణము మరియొకటి కలదు.

గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి పల్లెలలో నేడు మనవారి ఏ యింటికేగినను, పత్తి తీతల మాటయు మిరప ధరల మాటయు ముగిసిన వెనుక తప్పక వచ్చు ప్రసంగ మొక్కటి గలదు. కుమారునకు వీసా వచ్చినదా, అల్లునికి అమెరికాలో శాశ్వత నివాసానుమతి ఎన్నడు లభించును అనునదే యది. గ్రామకరణపు టుద్యోగములను 1984వ సంవత్సరమున ప్రభుత్వము రద్దుచేసిన పిదప, తరతరములుగా లెక్కలు వ్రాసి జీవించిన కుటుంబములు పెక్కు చదువునే ఆస్తిగా నెంచి, పిల్లలను దూరదేశములకు పంపినవి. అట్టి గృహములకు సుబ్బారావుగారి చరిత్రము కేవలము పురాతనగాథ కాదు. వారు అమెరికాలో ఇరువదియైదు వత్సరములకు పైగా నివసించి, ఆ దేశముననే కన్నుమూసిరి. కాని ఆ దేశపు పౌరులు కాకయే కన్నుమూసిరి. ఈ వ్యాసమున మేము ముఖ్యముగా చెప్పదలచినది ఆ సంగతియే.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవెన్యూశాఖలో చిన్న యుద్యోగి, తల్లి వెంకమ్మగారు. ఇంట కలిమి లేదు. రోగములును మరణములును మాత్రము కొఱతలేక యుండెను. రాజమహేంద్రవరమున చదువు చక్కగా సాగలేదు. చెన్నపురి హిందూ హైస్కూలునుండి మెట్రిక్యులేషను పరీక్షయందు మూడవ పర్యాయమున గాని కృతార్థులు కాలేదు. తమ బిడ్డ ఒకమారు తప్పినంతనే నిరాశచెందు తల్లిదండ్రులు ఈ విషయమును గుర్తుంచుకొందురుగాక.

పిమ్మట ప్రెసిడెన్సీ కళాశాలయందును, మద్రాసు వైద్యకళాశాలయందును చదివిరి. మిత్రులును, తరువాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును ధనసహాయము చేసిరి. ఆ దినములలో గాంధీ మహాత్ముని పిలుపు దేశమంతట వ్యాపించుచుండెను. సుబ్బారావుగారు ఖద్దరుతో కుట్టించిన వస్త్రమునే శస్త్రచికిత్సా తరగతియందు ధరించిరి. ఆచార్యునకు అది రుచింపలేదు. చదువులో లోపము లేకున్నను, వారికి పూర్తి ఎం. బి. బి. ఎస్. పట్టమునకు బదులు తక్కువదగు ఎల్. ఎం. ఎస్. మాత్రమే లభించెను. మద్రాసు వైద్యశాఖలో ఉద్యోగము కొఱకు యత్నించి విఫలులై, డాక్టరు లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలయందు శరీరశాస్త్రము బోధింపసాగిరి. ఈలోగా వారి యిద్దరు సోదరులు స్ప్రూ అను గ్రహణివ్యాధిచే స్వల్పకాలములో మరణించిరి. ఆ వ్యాధికి మందు కనుగొనవలెనన్న కోరిక అప్పుడే వారి హృదయమున నాటుకొనెను.

ఉన్నతవిద్యకు అమెరికా కేగ నిశ్చయించినప్పుడు, మామగారి సహాయమునకు తోడు కాకినాడయందలి మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ సాయపడుదుమని మాటయిచ్చెను. ఈ సత్యలింగ నాయకరుగారు మత్స్యకార కుటుంబమున జన్మించి, సముద్రము దాటి రంగూను చేరి, అచ్చట కష్టించి ధనమార్జించి, ఆ ధనమును ధర్మమునకు వ్రాసియిచ్చిన దాత. పరదేశమున శ్రమించిన ఒక తెలుగువాని సొమ్ము, పరదేశ మేగనున్న మరియొక తెలుగువానికి ఆధారముగా నిలిచెను. దాత కులము వేఱు, గ్రహీత కులము వేఱు. మన పోషకమహాశయులు ఈ విషయమును మనస్సున నుంచుకొన ప్రార్థితులు. దీనిని గూర్చి తుదకు మరల విన్నవించుకొందుము.

సుబ్బారావుగారు 1922వ సంవత్సరము అక్టోబరు 26వ తేదీన బోస్టను నగరము చేరిరి. అంతకు అయిదేండ్ల ముందే, 1917లో, అమెరికా శాసనసభ ఆసియాఖండమున చాల భాగమును నిషిద్ధప్రాంతముగా నిర్ణయించి, అచ్చటి జనులు స్థిరనివాసమునకు రారాదని శాసనము చేసియుండెను. భరతఖండము ఆ గీతలోపలిదే. విద్యార్థులకును, మరికొన్ని తరగతులవారికిని మాత్రము ఆ శాసనమున మినహాయింపు కలదు. ఆ యిఱుకు ద్వారముననే సుబ్బారావుగారు లోనికి ప్రవేశించిరి. అనగా, చదువుకొని తిరిగిపోవలసిన వానిగనే చట్టము వారిని చూచెను.

వారు వచ్చి నాలుగు మాసములు కాకమునుపే మరియొక తలుపు మూతపడెను. భగత్ సింగ్ థిండ్ అను పంజాబు సిక్కు అమెరికా సైన్యమున పనిచేసిన వాడు. ఆయన పౌరసత్వమును గూర్చిన వివాదము అచ్చటి సుప్రీముకోర్టు వఱకు వెళ్లెను. పౌరసత్వము శ్వేతజాతీయులకును, ఆఫ్రికా సంతతివారికిని మాత్రమే యని నాటి చట్టము. తాను ఉన్నత కులమున జన్మించిన ఆర్యుడను గావున శ్వేతజాతియందే చేరుదునని థిండ్ పక్షమున వాదింపబడెను. 1923వ సంవత్సరము ఫిబ్రవరి 19వ తేదీన న్యాయస్థానము ఆ వాదమును త్రోసిపుచ్చెను. హిందూదేశీయుడు సామాన్యజనుల దృష్టిలో శ్వేతజాతీయుడు కాడనియు, కావున పౌరుడు కాజాలడనియు తీర్పు చెప్పెను. మరుసటి యేడు, 1924లో చేయబడిన చట్టము, పౌరసత్వమునకు అర్హత లేనివారు వలసదారులుగా నసలే ప్రవేశింపరాదని విధించెను. మన దేశమున ఉన్నతకులము అనుకొన్నది అచ్చట పూచికపుల్లతో సమానమాయెను. పుట్టుకను బట్టి మనుష్యుని తూచుట యెట్టిదో, తూచబడినప్పుడుగాని మనకు తెలియదు.

ఈ పరిస్థితులలో సుబ్బారావుగారు ఆసుపత్రిలో రాత్రివేళ నౌకరుపనులు చేయుచు, హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశవ్యాధుల శాస్త్రమున డిప్లొమా పొందిరి. పిదప సైరస్ ఫిస్కే అను ఆచార్యునితో కలసి, రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. ఫిస్కే–సుబ్బారావు పద్ధతియని అది నేటికిని జీవరసాయన గ్రంథములలో పేర్కొనబడుచున్నది. 1927లో కండరములందలి ఫాస్ఫోక్రియేటిను అను పదార్థమును, 1929లో ఎ. టి. పి. అను పదార్థమును వెల్లడించిరి. మన దేహము పనిచేయుటకు కావలసిన శక్తిని చిల్లరనాణెములవలె ఎప్పటికప్పుడు అందించునది ఈ ఎ. టి. పి. యే. జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును అదే యేట దానిని స్వతంత్రముగా కనుగొనెను. 1930లో సుబ్బారావుగారికి పి. హెచ్. డి. పట్టము లభించెను. కాని హార్వర్డులో స్థిరమైన ఉద్యోగము మాత్రము లభింపలేదు.

ఇచ్చట వారి గృహమును గూర్చి చెప్పక తప్పదు. భార్య శేషగిరమ్మగారిని స్వదేశముననే విడిచి వారు నౌక నెక్కిరి. వారు విదేశమున నుండగనే పుట్టిన కుమారుడు శైశవముననే మరణించెను. కొలది యేండ్లలో తిరిగి వత్తురని ఎదురుచూచిన ఆ యిల్లాలు భర్తను మరల చూడలేదు. పరిశోధన వారిని అచ్చట కట్టివేసెను. చట్టము వారిని అచ్చట ఇంటివారిని కానీయలేదు. కీర్తిని గూర్చి వ్రాయువారు ఈ మూల్యమును గూర్చి వ్రాయకుండుట న్యాయము కాదని మా యభిప్రాయము.

1940లో సుబ్బారావుగారు హార్వర్డును విడిచి, న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివర్ నందలి లెడర్లీ ప్రయోగశాలలో చేరిరి. అదే యేట అమెరికాలో పదునాలుగేండ్లు దాటిన పరదేశీయు లందఱును ప్రభుత్వమునొద్ద పేరు నమోదు చేయించుకొని వ్రేలిముద్రలు వేయవలెనని చట్టము వచ్చెను. స్వల్పకాలములో ఆ ప్రయోగశాల పరిశోధనల కంతటికిని అధ్యక్షులై, యుద్ధకాలమున ఆ దేశపు వైద్యావసరములను తీర్చిన మహాశయుడు, చట్టము లెక్కలో ఆ పరదేశీయులలో నొకడు.

అచ్చట వారి నాయకత్వమున వెలువడిన ఫలములను సంక్షేపముగా చెప్పెదము. 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికిని, గర్భిణుల రక్తహీనతకును అది ఔషధమైనది. ఆ పనినుండియే ఎమినోప్టెరిన్ అను మందు పుట్టెను. బోస్టనులో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు దానిని రక్తపు క్యాన్సరుతో బాధపడు బిడ్డలకు ఇచ్చి, కొందఱికి తాత్కాలికముగనైనను వ్యాధి ఉపశమించుటను 1948లో ప్రకటించెను. దానికి సోదరియైన మెథోట్రెక్సేటు నేటికిని క్యాన్సరునకును కీళ్లవాతమునకును వాడబడుచున్నది. 1948లోనే బెంజమిన్ డగ్గరు అను వృద్ధశాస్త్రజ్ఞుడు వారి సంస్థలో కనుగొనిన ఆరియోమైసిన్ లోకమునకు వెల్లడియాయెను. 1947లో హెట్రజాన్ వచ్చెను. బోదకాలు వ్యాధికి మన ప్రభుత్వము ఊరూర పంచిపెట్టిన డి. ఇ. సి. మాత్రలు ఈ హెట్రజానే. కృష్ణా గోదావరీ తీరముల పల్లెలలో ఆ మాత్రను మ్రింగినవారిలో, దాని వెనుక భీమవరపు బిడ్డ యొకడు కలడని ఎఱిగినవారెందఱు?

1946వ సంవత్సరము జూలై 2వ తేదీన అధ్యక్షుడు ట్రూమను సంతకముతో నూతన శాసన మేర్పడెను. దానిచే భారతీయులకు పౌరసత్వార్హత కలిగెను. ఏడాదికి నూఱుమంది మాత్రము వలస రావచ్చునని సంఖ్య నిర్ణయింపబడెను. కోట్లమంది గల దేశమునకు నూఱు! సుబ్బారావుగారు అప్పటికి ఆ దేశమున నుండి ఇరువదిమూడేండ్లు దాటెను. అయినను వారు పౌరులు కాలేదు. 1947లో మన దేశము స్వతంత్రమైన మరుసటి యేడే, 1948 ఆగస్టు మాసమున, పెర్ల్ రివర్ నందలి తమ నివాసమున నిద్రయందే హృదయము ఆగి పరమపదించిరి. అప్పటికి వారి వయస్సు ఏబదిమూడేండ్లు. 1953లో ఒక శిలీంధ్రజాతికి వారి పేర సుబ్బారోమైసిస్ అని నామకరణము జరిగెను. 1995లో, శతజయంతీ సందర్భమున, మన ప్రభుత్వము తపాలాబిళ్ల వెలువరించెను.

నూఱుమంది యను నిబంధన 1965 శాసనముతో తొలగెను. నేడు మన పిల్లలు వేలకొలదిగ వెళ్లుచున్నారు. అయినను శాశ్వత నివాసానుమతులలో ఏ యొక్క దేశమునకును నూటికి ఏడు వంతులకు మించి చెందరాదను నియమము 1990 చట్టమునుండి నడచుచున్నది. అదియును పౌరసత్వమును బట్టి కాక, జన్మించిన దేశమును బట్టియే లెక్కింపబడును. కావున ఉద్యోగమూలమున దరఖాస్తు పెట్టుకొన్న మనవారు పెక్కేండ్లు వరుసలో వేచియుండవలసివచ్చుచున్నది. పుట్టుకయే యడ్డుగోడ యగుట నాటితో అంతరింపలేదు.

ఈ చరిత్రమునుండి మేము మూడు మాటలు విన్నవించుకొందుము. మొదటిది తల్లిదండ్రులకు: విదేశయానము చదువునకైనను స్థిరనివాసమునకైనను, పత్రములు సత్యములుగా నుండవలెను. వీసాకొఱకు బ్యాంకులో అప్పుసొమ్ము నిలువచూపుటయు, లేని యనుభవమును వ్రాయించుటయు నేడు కొందఱికి వాడుకయైనది. పొలము అమ్మి పంపిన బిడ్డకు అది ఉరిత్రాడగును. రెండవది పెద్దలకు: వెనుక నిలిచిన ఇల్లాండ్రను, వృద్ధులను సంఘము మఱువరాదు. ఏండ్లకొలది ఒంటరిగ నెదురుచూచిన శేషగిరమ్మగారి వంటివారు మన వీధులలో నేటికిని కలరు. వారిని పలుకరించుట కానుకకన్న మిన్న.

మూడవది పోషకమహాశయులకు. మనము కులము పేర కూడితిమి. ఒకరికొకరము సాయపడుట మంచిదే. కాని రంగూనులో కష్టించిన మత్స్యకారుని ధర్మసంస్థ, భీమవరపు నియోగి బాలుని కులమును చూచి వెనుదీయలేదు. బోస్టనులో చట్టము పుట్టుకను మాత్రమే చూచెను. ఈ రెండింటిలో ఏది మనకు మార్గదర్శకమో వేఱుగ చెప్పనక్కఱలేదు. మన విద్యార్థివేతననిధియందు ఏటేట కొంతభాగము, కులభేదము లేక, ఈ పత్తి మిరప పొలములలో కూలి చేసి చదువుకొను బీదబిడ్డలకు ప్రత్యేకింపవలెనని మేము మహాసభవారిని సవినయముగా ప్రార్థించుచున్నాము. అది సుబ్బారావుగారి పేర నుండుట మిక్కిలి సముచితము.

ఏ దేశపు పౌరుడును గాక అన్ని దేశముల రోగులకును ఆప్తుడైన ఆ పుణ్యపురుషుని స్మృతి మనలను సన్మార్గమున నడుపుగాక!