గిన్నెలకు మాట్లేసే బన్యన్
జాన్ బన్యన్ 1628లో ఇంగ్లండ్‌లో బెడ్‌ఫర్డ్ దగ్గరి పల్లెలో పుట్టాడు. తండ్రిలాగే చిల్లు గిన్నెలకు మాట్లు వేసి బతికాడు. పెళ్లయ్యాక మనసులో యుద్ధం మొదలైంది. క్రీస్తును అమ్మేసుకోమని లోపల్నుంచి ఒకటే పోరు. ఒకనాడు విసిగి సరే అనుకున్నాడు. ఇక క్షమాపణ లేదని ఏళ్ల తరబడి కుమిలిపోయాడు. ఒకరోజు పొలంలో నడుస్తుంటే, తన నీతి పరలోకంలో ఉన్న క్రీస్తేనని, తన మనసు బాగోలేనంత మాత్రాన అది తరగదని తోచింది. అప్పుడు నెమ్మది దొరికింది.

1660లో అనుమతి లేకుండా బోధిస్తున్నాడని జైల్లో వేశారు. మానేస్తానంటే వదిలేసేవారు. అనలేదు. 12 ఏళ్లు లోపలే. లేసులు తయారుచేసి ఇల్లు నడిపాడు. చూపులేని పెద్దకూతురు మేరీని తలచుకుంటే మాత్రం ప్రాణం విలవిల్లాడేది. పిల్లల్ని ఊళ్లో వదిలొచ్చిన మనకు ఆ బాధ వేరే చెప్పాలా?

1688లో ఒక తండ్రీకొడుకులను కలిపి లండన్ వెళ్తూ వానలో తడిసి, జ్వరంతో పోయాడు.